తెల్ల పేలిక కట్టిన సీసాలు

ముసిల్ది పోయిందని ఆయా ఫోన్ చేసింది. నేను కొండమీద నర్సుగా ఉన్న రోజుల్లో ఆసుపత్రిలో నాతో పనిచేసిన ఆయా. నేను పార్వతీపురం వచ్చేసి పదేళ్ళు దాటినా తను ఇంకా అక్కడే ఉంది.

"నిన్న పొద్దున్న పోయింది సిస్టరూ. పోయీముందు కూడా నోరు మూసింది కాదు. సెలైను ఎక్కించడానికి కొత్త డాక్టరుబాబు సెయ్యి పట్టుకుంటే, 'ఒదల్రా సచ్చినోడా, నానేటి నీ పెళ్ళాన్నా' అనీసింది."

పడీ పడీ నవ్వాను. ఆయా ఇంకా ఏవేవో చెప్పింది, విన్నాను. ఫోన్ పెట్టేశాక వంటగదిలోకి పోయి, మా అమ్మాయికి వినబడకుండా కుళాయి తిప్పి ఏడ్చాను. కన్నతల్లి పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. ఈ మాటకి మా వాళ్ళెవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీండి.

ఆమె పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే చేతిలో ఏదుంటే అది విసిరేది. "పేరెట్టి పిలవడానికి నువ్వేటి నా మేనమావవా?" అనేది. వెనకాల అందరూ ముసిల్ది అనేవాళ్ళు, ఎదురుపడితే మామ్మా అనేవాళ్ళు. నేనూ అంతే.

మా ఆసుపత్రి టైడా స్టేషన్ దిగి కొండెక్కితే రెండు గంటల నడక, మట్టిదారిన చుట్టు తిరిగితే జీపొస్తుంది. రెండు గదులు, ఒక వరండా, వెనకాల నా క్వార్టరు. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు, వాన పడితే అదీ లేదు. ముసిల్ది అక్కడ ఊడ్చే మనిషి. ఊడవడం తక్కువ, తిట్టడం ఎక్కువ. నడుముకి చిన్న గొడ్డలి ఉండేది. మిగతా ఆడవాళ్ళు బొడ్లో ఆకూ వక్కా దోపుకున్నట్టు ఈవిడ గొడ్డలి దోపుకునేది. ఆకు నమిలి ఉమ్మితే గోడ మీద ఎక్కడ పడాలనుకుందో అక్కడే పడేది. కుక్కలు ఆమెని చూసి దారి మళ్ళేవి. తాగుబోతులు కుక్కల కంటే ముందు మళ్ళేవారు.

మొగుణ్ణి చంపేసిందని చెప్పుకునేవారు. ఎలా చంపిందో మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. ఒకరు గొడ్డలన్నారు, ఒకరు విషమన్నారు. ఆమె ముందు ఎవరైనా నోరు జారితే కాదనేది కాదు, అవుననేది కాదు. గొడ్డలి తీసి, బొటనవేలితో అంచు తడిమి చూసుకుని మళ్ళీ దోపుకునేది.

నేను చేరిన మూడో నెలలో ఆమె నన్ను కొట్టింది. అక్కడ మొదలైంది మా స్నేహం.

వెనక గదిలో రెండు పెట్టెలుండేవి. టీకా మందులుండే పెట్టె ఒకటి, ఐస్ ప్యాకులు గడ్డకట్టించే డీప్ ఫ్రీజర్ ఒకటి. సంతరోజు టీకాలకి వెళ్ళాలని ఆ ఫ్రీజర్ మూత ఎత్తాను. ప్యాకుల కింద ఖాళీ సెలైను సీసాలు నాలుగు కనబడ్డాయి. మూతి కోసి, ఏదో పసుపచ్చటి రసం నింపి, పైన పాలిథిన్ చుట్టి కట్టారు. ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపేలిక. ఒకదాంట్లోంచి కోడికాలు నిక్కి చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సర్కారు ఫ్రీజరా, సంతలో హోటలా? నాలుగూ తీసుకెళ్ళి కంచె అవతలికి విసిరేశాను. ఎండకి అవి కరగడమూ, పందులొచ్చి పీక్కుపోవడమూ కూడా చూశాను.

చీపురు పట్టుకుని ముసిల్ది వచ్చింది. ఖాళీ సీసాలు చూసింది. నా దగ్గరికి నడిచొచ్చి, ఏమీ అడక్కుండా చెంప మీద కొట్టింది. చెవి గుయ్యిమంది, కొప్పు ఊడిపోయింది.

"ఒలే, పురిటిదాని తిండి పారేత్తావా? నీ సేతులు ఇరిగిపోనూ!"

ఆ వారం డాక్టరుగారు రాగానే ఫిర్యాదు చేశాను. ఆయన నా చెంప చూసి, తన చొక్కా మోచేతి దాకా మడిచి పాత మచ్చ చూపించారు. "నన్నయితే చీపురు తిరగేసి కొట్టిందమ్మా. ఆవిడ జోలికి పోకు" అన్నారు. అంతటితో నా కేసు కొట్టేశారు.

సంగతేమిటో ఆయా చెప్పింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక కట్టు ఉంది. కాన్పయ్యాక బిడ్డ బొడ్డు రాలేదాకా ఆ ఇంటి పొయ్యి వెలిగించరు. బయటివాళ్ళు వండింది ఆ గడప దాటకూడదు. మొగుడు వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి వండి లోపలికి అందించాలి. అందించే మొగుడున్న ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. జీలుగు కల్లు తాగి పడిపోయే మొగుడున్న చోట బాలింత నానబెట్టిన సామలు నమిలి, నీళ్ళు తాగి పడుకుంటుంది. వారం గడిచేసరికి పాలుండవు.

దానికి ముసిల్ది ఒక దారి కనిపెట్టింది. నెలలు నిండుతున్న మనిషి ఇంటికి తనే ఎముకలు మోసుకుపోయేది. మేక కాళ్ళో, నాటుకోడో, ఏదీ దొరక్కపోతే ఉలవలో. ఆ మనిషి పొయ్యి మీదే, ఆ మనిషి చేతే గరిట తిప్పించి రసం కాయించేది. సీసాల్లో పోసి, ఆ మనిషి చీర అంచు చింపి పేలిక కట్టి, మా ఫ్రీజర్‌లో దాచేది. కాన్పయ్యాక రోజుకొకటి పట్టుకెళ్ళి, వాకిట్లో మూడు రాళ్ళ మీద వేడిచేసి లోపలికి తోసేది.

నేను విసిరేసినవాటిలో ఎర్ర పేలిక కట్టిన సీసా మనిషి అప్పటికే కనేసింది. చూడ్డానికి వెళ్ళాను. చీకటి గదిలో గోడకి ఆనుకుని కూచుంది, చంకలో బిడ్డ. వాకిట్లో రాళ్ళు మూడూ చల్లగా ఉన్నాయి. మొగుడు పక్క అరుగు మీద నోరు తెరిచి నిద్రపోతున్నాడు. నేను తీసుకెళ్ళిన రొట్టెని అత్తగారు గడప దగ్గరే ఆపేసింది. "బయటోల్ల వంట అమ్మా, నోపలికి రాకూడదు" అంది, పాపం మర్యాదగానే. ఆ బాలింత నా వైపు చూసింది. నేనే పారేశానని ఆమెకి తెలీదు. తెలియకపోవడం నాకు ఇంకా కష్టమనిపించింది.

తిరిగొచ్చి ముసిల్దాని ముందు నిలబడ్డాను. "తప్పయిపోయింది మామ్మా."

"తప్పయితే పద. ఎముకలు మొయ్యి" అంది.

ఆ సాయంత్రమే ఇంకో కోడిని కోసింది. ఆ మనిషి అప్పటికే కనేసింది, ఇక ఆమె చేత వండించడం కుదరదు కదా, మొగుణ్ణే లేపింది. లేపడమంటే కాలితో తన్ని లేపింది. గొడ్డలి వాడి మెడ పక్కన నేలకి దిగేసి, "నెగు. వండు. నీ సేత్తో నువ్వు వండు. నాను సూత్తాను" అంది. వాడు వణుకుతూ వండాడు. వాడి జన్మలో అదే మొదటి వంట అయ్యుంటుంది. ఉప్పు ఎక్కువైంది. తల్లి కడుపులో పడింది, అది చాలు. బిడ్డ బతికింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె వెనకాల ఎముకలు మోశాను.

ఆమె వంట మొదలెడితే మొదట్లో రెండడుగులు వెనక్కి జరిగేదాన్ని. బండమీద మేక కాలు పెట్టి, గొడ్డలి తిరగేసి మొద్దు వైపుతో కొట్టేది. కొడుతున్నప్పుడు పళ్ళు బిగించేది, ప్రతి దెబ్బకీ ఎవరో ఒకరిని తిట్టేది. ఊరి పెద్దనీ, ఫారెస్టు గార్డునీ, దేవుణ్ణి కూడా. ఎముక ముక్కలు ఎగిరి ముఖానికి తగిలేవి. తుడుచుకునేది కాదు. "బాగా ఇరగ్గొట్టాల. నోపలి మూలగ బయటికి రాకపోతే ఆ నీల్లెందుకు, కాలవలోయి తాగొచ్చు." తర్వాత పిప్పళ్ళు, మిరియాలు, కొమ్ము పసుపు, అన్నీ అదే బండమీద అదే కోపంతో నూరేది. కుండ పొయ్యెక్కాక మాత్రం గరిట ముట్టుకునేది కాదు. కడుపుతో ఉన్న మనిషిని పీట మీద కూచోబెట్టి గరిట చేతికిచ్చేది. నడుం నొప్పన్నా వినేది కాదు.

"నీ గరిట నువ్వే తిప్పు" అనేది. అది ఆమె మాట. రోజుకి పదిసార్లు వినేదాన్ని.

ఒక ఊళ్ళో పెద్దమనిషి అడ్డుపడ్డాడు. సీసాలో తెచ్చినా బయటి వంటే కదా, అమ్మవారికి కోపం వస్తుందన్నాడు. ముసిల్ది కుండ దించి వాడి ముందుకెళ్ళింది.

"ఎవులు వండేరు? అదే వండుకుంది. దాని పొయ్యి మీద, దాని సేత్తో, పురుడు రాకముందు. నాను మోసేను, అంతే. మొయ్యడం కూడా మైలేనా? అలగయితే రేపు నువ్వు సస్తే నిన్నెవులూ మొయ్యరు. ఇక్కడే కుళ్ళు."

పెద్దమనిషి తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు. కుండలోంచి ముక్క తీసుకోబోయిన ఇంకో మొగుడికి మాటలు కూడా దక్కలేదు. పొయ్యిలోంచి తీసిన కట్టె వాడి ముంజేతి మీద పడింది. కాలిన చేతికి నేనే మందు రాశాను. రాస్తూ నవ్వొచ్చి తల పక్కకి తిప్పుకున్నాను.

కరెంటు పోతే చూడాలి ఆమెని. ఫ్రీజర్ మూత మీదెక్కి బాసింపట్టు వేసుకు కూచునేది. ఎవరూ మూత తీయడానికి లేదు, డాక్టరుగారైనా సరే. కరెంటు వచ్చాక కూడా మోటారు కదలకపోతే దిగి, సరిగ్గా ఒక మూల చూసి తన్నేది. కదిలేది. ఇనుపరాయి మోసే గూడ్సు బండి సొరంగంలోంచి బయటపడి కొండ దడదడలాడినప్పుడు మోటారు మళ్ళీ ఆగిపోయేది. మళ్ళీ తన్నేది. ఆ పెట్టెకి ఆ మూల సొట్టపడిపోయింది.

ఇక నా సంగతి.

నా మొగుడు ఎస్.కోట నుంచి ఘాట్ మీదికి జీపు తోలేవాడు. మొగుడనాలి కాబట్టి అంటున్నాను. నెలకి రెండు మూడుసార్లు వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ కొట్టేవాడు. కూరలో ఉప్పు దగ్గర మొదలయ్యేది, ఎక్కడ ఆగుతుందో వాడికే తెలిసేది కాదు. ఈ ఊరికి రాకముందు నాకు ఒక కాన్పు పోయింది. ఏడో నెల, అత్తగారింట్లో. వంటింటి గుమ్మం దగ్గర వాడు తన్నాడు. అత్తగారు చూసింది. ఆసుపత్రిలో మెట్ల మీంచి జారిపడ్డానని చెప్పాను. కేసు షీటులో అదే రాశారు. నర్సుని, అలా పడితే అలాంటి దెబ్బ తగలదని నాకు తెలుసు, రాసినామెకీ తెలుసు. ఇద్దరం తలొంచుకున్నాం. మా అమ్మ ప్రార్థన చేసుకోమంది, సర్దుకోమంది. రెండూ చేశాను.

మళ్ళీ కడుపు నిలిచింది. ఐదో నెలలో ముసిల్ది నా నడుం పడుతూ రవిక పైకి జరిపింది. చేతులు ఆగిపోయాయి.

"ఇదేటే?"

"మెట్ల మీంచి పడ్డాను మామ్మా."

వేలితో నా నడుం మీది కమిలిన మచ్చ చుట్టూ గీసింది. మడమ, వంపు, ముందు భాగం.

"ఏ మెట్లకే సెప్పులుంటాయి?" అంది.

నేను ఏడ్చాను. ఓదార్చలేదు. ఓదార్చడం ఆమెకి రాదు. పసుపు నూరి తెచ్చి మచ్చ మీద గట్టిగా రుద్దింది. నొప్పికి అరిచాను. "అరువు. అప్పుడు అరవనేదు కదా, ఇప్పుడు అరువు" అంది.

ఎనిమిదో నెల నిండుతుండగా నా క్వార్టరు వెనకాల బండ కడిగింది. ఎనిమిది మేక కాళ్ళు తెచ్చింది. ఎప్పట్లా తను కొట్టలేదు. గొడ్డలి నా చేతిలో పెట్టింది.

"నేను కొట్టలేను మామ్మా."

"కొట్టు."

మొదటి దెబ్బ బండకి తగిలింది. రెండోది ఎముక మీంచి జారింది. మూడోదానికి టక్కున విరిగింది. ఏమైందో నాకు తెలీదు, ఇక ఆగలేకపోయాను. అన్నిటినీ కొట్టాను. చెమటలు కారుతున్నాయి, కడుపు బరువు, ఊపిరి అందడం లేదు. వాణ్ణి తిడుతున్నాను, అత్తగారిని తిడుతున్నాను, తలొంచుకుని రాసిన ఆ నర్సుని తిడుతున్నాను. ఎముకలు పిండయ్యేదాకా కొట్టాను. ముసిల్ది పక్కన కూచుని ఆకు నములుతూ చూసింది.

ఆ రోజే, కుండ ఉడుకుతుంటే, గరిట నా చేతిలో ఉంటే, తన సంగతి చెప్పింది. నేను అడగలేదు.

"నాకూ పుట్టింది ఒక ఆడగుంట. ఆడు వాకిట్లో కోడొండేడు. వాసనొత్తంది నాకు. ఇత్తాడు, ఇత్తాడనుకున్నాను. మొత్తం తినీసి మూతి తుడుసుకున్నాడు. అలగే రోజూ. నాకు గంజినీల్లు. గుంట పీకుతంది, పీకుతంది, పాలేవీ? ఆరో రోజుకి పీకడం మానీసింది."

గరిట ఆపాను. "తిప్పు, అడుగంటుద్ది" అంది. తిప్పాను.

"ఆయన ఎలా పోయాడు మామ్మా?"

"మరుసటేడు జొరం వచ్చింది. లెగనేకపోయేడు. గంజి అడిగేడు. కుండ నిండా గంజుంది. నానివ్వనేదు. నాలుగు రోజులడిగేడు."

ఉమ్మింది. మొదటిసారి ఎక్కడ పడుతుందో చూసుకోకుండా ఉమ్మింది.

"ఇంకా అడుగుతాడు. రోజూ అడుగుతాడు" అంది. లేచి మంట ఎగదోసింది.

పదకొండు సీసాలయ్యాయి. నా తెల్లచీర అంచు చింపి పేలికలు కట్టాం. "బొడ్డు తొమ్మిదో రోజుకి రాల్తాది. రెండు ఎక్కువే ఉండనీ" అంది. ఫ్రీజర్‌లో ఒక వరస మొత్తం తెల్లగా అయిపోయింది. మూత ఎత్తినప్పుడల్లా అటు చూసి ధైర్యం తెచ్చుకునేదాన్ని. ఈసారి బిడ్డ బతకాలి, నాకు కావలసింది అదొక్కటే. అందుకు కాన్పు ఇక్కడే జరగాలి, అత్తగారింట్లో జరక్కూడదు.

పది రోజుల తర్వాత, సంత జరిగే రోజు, మిట్టమధ్యాహ్నం వాడు జీపు తెచ్చాడు. ఆయా సంతకి పోయింది. ముసిల్ది కట్టెలకి పోయింది.

"సర్దు. మా అమ్మ దగ్గరకి ఎల్దాం. పురుడు అక్కడే."

"రాను."

పెళ్ళయ్యాక వాడితో నేనన్న మొదటి రాను అది. వాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక జడ పట్టుకుని క్వార్టరు మెట్ల మీంచి ఈడ్చాడు. నిజంగానే ఆ రోజు మెట్ల మీంచి పడ్డాను. చెయ్యి విడిపించుకుని ఆసుపత్రిలోకి, వెనక గదిలోకి పరిగెత్తి తలుపేశాను. రెండు తన్నులకి గడియ ఊడిపోయింది.

వాడు ఫ్రీజర్ తెరిచాడు. కొండమీద అందరికీ తెలిసిన సంగతి వాడికీ తెలిసే ఉంటుంది.

"ఇవేనా? ఆ కొండముసిల్దాని రసాలు? ఇవున్నాయనేనా నీకంత పొగరు?"

ఒక్కో సీసా తీసి గోడకేసి కొట్టడం మొదలెట్టాడు. పగుల్తాయనుకున్నాడు. పది రోజులు గడ్డకట్టిన రసం, రాయి కంటే గట్టిది. గోడ పెచ్చులూడింది గానీ సీసా పగల్లేదు. నేల మీద దొర్లాయి. వాడికి ఇంకా పిచ్చెక్కింది. "పగలవా, దీని కడుపు పగలగొడతా" అని నా వైపు తిరిగి కాలెత్తాడు.

నా కాళ్ళ దగ్గర ఒక సీసా ఉంది. తెల్ల పేలిక. వంగి తీసుకున్నట్టు గుర్తులేదు. ఎత్తిన మోకాలి మీద కొట్టాను. వాడు కూలబడ్డాడు. లేవబోతుంటే భుజం మీద కొట్టాను. టక్కుమంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. జబ్బ ఎముక విరిగింది. వాడు పిల్లాడిలా కేక పెట్టాడు.

గుమ్మంలో ముసిల్ది నిలబడి ఉంది. కట్టెలమోపు వాకిట్లో పడేసినట్టుంది, గొడ్డలి చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలీదు.

"మామ్మా!" అన్నాను. వచ్చి కాపాడమనే అన్నాను.

లోపలికి అడుగు వేయలేదు. గుమ్మంలోంచే అంది.

"నీ గరిట నువ్వే తిప్పు."

అప్పుడు మూడోసారి ఎత్తాను. ఈసారి తల మీదికి. అబద్ధమెందుకు, చంపేద్దామనే ఎత్తాను. ఆ దెబ్బ పడి ఉంటే నేనీరోజు జైల్లో ఉండేదాన్ని, నా బిడ్డ ఎక్కడుండేదో. వాడు చేయి అడ్డం పెట్టుకునే ఓపిక కూడా లేక గోడకి జారగిలబడ్డాడు. పెదాలు ఎండిపోయాయి.

"నీల్లు" అన్నాడు. "కొంచెం నీల్లియ్యే."

చావనీ అనుకున్నాను. చెయ్యి దించలేదు.

గొడ్డలి కింద పెట్టిన చప్పుడైంది. ముసిల్ది గొడ్డలి వదిలేయడం నేను అంతవరకు చూడలేదు. వరండాలో కుండ దగ్గరికి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, నన్ను పక్కకి తోసి, వాడి ముందు కూలబడింది. గడ్డం పట్టుకుని ముఖం ఎత్తి, చెంబు నోటికి ఆనించింది.

"తాగు. తాగు సచ్చినోడా, మొత్తం తాగు. నువ్వు గాని సస్తే రోజూ ఒచ్చి దీన్ని నీల్లడుగుతావు. నాకు తెలుసు. తాగు."

చెంబు ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. తర్వాత నా వైపు చూసింది. "దించు, సాలు" అంది. దించాను. నా చేతిలో సీసా చిట్లి, కరిగిన రసం మోచేతి దాకా కారుతోందని అప్పుడు చూసుకున్నాను.

నేనే వాడికి కట్టు కట్టాను, ఇంజెక్షన్ ఇచ్చాను. ఓపీ రిజిస్టరు తీసి పేరు, వయసు రాసి, కారణం దగ్గర ఆగాను.

"ఏటి రాత్తన్నావు?" అంది ముసిల్ది. ఆమెకి చదువు రాదు.

"మెట్ల మీంచి జారిపడ్డాడు."

ఆమె నవ్వగా చూడడం అదే మొదలు, అదే ఆఖరు. పొట్ట పట్టుకుని, గార పళ్ళన్నీ కనబడేలా, నేలమీద కూచుని నవ్వింది. నేనూ నవ్వాను. వాడొక్కడే నవ్వలేదు.

కొన్నాళ్ళకి పెద్దమనుషులతో వచ్చాడు, రాజీకి. ఆసుపత్రి మెట్ల మీద ముసిల్ది రాయి పెట్టుకుని గొడ్డలి నూరుతోంది. తలెత్తి ఎవరినీ చూడలేదు. పెద్దమనుషులు నేనిచ్చిన టీ తాగి, ఎండెక్కుతోందని లేచారు. వాడు మళ్ళీ రాలేదు.

నాకు కూతురు పుట్టింది. బిడ్డని చేతుల్లోకి ముసిల్దే పట్టుకుంది. "ఓలమ్మ, ఎలకపిల్లలాగుందే" అని ముఖం చిట్లించింది, దిష్టి తగలకుండా. నాకు ఏ మైల పట్టింపూ లేదు, ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు ఉంది. అయినా వాకిట్లో మూడు రాళ్ళు పెట్టింది. రోజుకో తెల్ల పేలిక విప్పి, వేడిచేసి, గ్లాసు నా నోటికి ఆనించి, ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడేది. గోడకి తగిలి సొట్టపోయిన సీసాలు ముందు తాగించింది. ఘాటుకి ముక్కూ కళ్ళూ కారేవి. మూడో రోజుకి పాలు పొంగాయి. ఎనిమిదో రోజున బొడ్డు రాలింది. పాప గుటకలు వేస్తుంటే ఆ చప్పుడు వినడానికి ముసిల్ది చెవి దగ్గర పెట్టి కూచునేది. ఒకసారి కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.

పాపకి రెండేళ్ళప్పుడు నాకు బదిలీ అయింది. బస్సెక్కుతుంటే వీడ్కోలు చెప్పకుండా బస్సుని తన్నింది, ఫ్రీజర్‌ని తన్నినట్టు. బస్సు కదిలింది.

ఫోన్‌లో ఆయా చెప్పిన ఇంకో ముక్క ఉంది. మొదట్లోనే రాయాల్సింది, చెయ్యి రాలేదు.

"ఆకరి రోజుల్లో మతి సరిగ్గా నేదు సిస్టరూ. సందేళయితే గంజి కాయించీది. గిన్నెడు తీసుకెళ్ళి గుమ్మం బయట పెట్టమనీది. ఎవులికే అంటే సెప్పీది కాదు."

"ఎన్నాళ్ళు పెట్టింది?"

"నెల్లాళ్ళు. పొద్దున్నే దేక్కుంటా ఒచ్చి గిన్నె సూసుకునీది. కుక్కలే తాగీసీవేమో మరి. కానీ ఒక్కటి సిస్టరూ, గిన్నె కాళీగుంటే ఆ పొద్దల్లా ఎవులినీ తిట్టీది కాదు."